బ్రహ్మ మీద ఫాల్టు రిపోర్టు

సృష్టికర్త బ్రహ్మదేవుడి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, మూడు కాపీలు తీసి, ముద్ర కొట్టించి, రసీదు కూడా పుచ్చుకున్న మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన ఢిల్లీలో, ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్సులో, రెండో అంతస్తులో ఉంటాడు. పేరు లక్ష్మీపతి.

సరే, మూడు కాపీలన్నది కాస్త ఎక్కువే. రెండు. ముద్ర లేదు, రసీదు కూడా అనుమానమే. చిరునామా దగ్గర బ్రహ్మ పేరు కూడా లేదు, ‘అనాటమీ విభాగాధిపతి గారికి’ అని ఉంది. కానీ ‘కారణం’ అన్న గడిలో ఆయన రాసింది ఇది: ‘మొదట ఈ లైన్లు వేసినవాడి అజాగ్రత్త.’ ఆ లైన్లు మనిషి వెన్నుపాములోవి. అక్కడ మొదట లైన్లు వేసినవాడెవడో చదివినవాళ్లే చెప్పాలి.

లక్ష్మీపతిది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి అవతల. సైన్యంలో సిగ్నల్సు విభాగంలో ఇరవై నాలుగేళ్లు టెలిఫోను లైన్‌మన్‌గా చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. జైసల్మేరు ఇసుకలో ఆయన వేసిన జాయింటును ఒక ఒంటె మూడు రోజులు నమిలి, ఓడిపోయి, నాలుగో రోజున పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిందని ఆయన రెజిమెంటులో చెప్పుకునేవారు. ఒంటె నమిలిన మాట నిజం. పళ్ల డాక్టరు సంగతి ఎవరో తర్వాత కలిపారు.

ఆయనకు దేవుడి మీద ఎంత నమ్మకముందో చెప్పలేం గాని, ఒక సూత్రం మీద మాత్రం ప్రాణం పెట్టుకున్నాడు. లైను నడిదారిలో పక్క మారకూడదు. మార్చాల్సి వస్తే కేబులు చివర, పెట్టె దగ్గర, మూత తీస్తే కనబడేలా మార్చాలి. ఈ సూత్రం తెలియని ఒక కుర్ర సిపాయి ఒకసారి రెండు లైన్లను మధ్యలో అటూ ఇటూ చేశాడట. బ్రిగేడు కోసం తీసిన ఫోను వంటశాలలో మోగింది. ‘ఎంత బలగం సిద్ధంగా ఉంది’ అని కర్నలు అడిగితే, ‘నలభై కిలోలు సాబ్, అందులో సగం మొలకలొచ్చాయి’ అని వంటవాడు బంగాళాదుంపల లెక్క చెప్పాడు. ఇరవై నాలుగేళ్లలో లక్ష్మీపతి వేసిన లైను మీద అలాంటి ఫిర్యాదు ఒక్కటీ లేదు. పతకాల కంటే ఆ ఫిర్యాదుల రికార్డు, ఆ ఖాళీ కాగితం అంటేనే ఆయనకు గొప్ప.

రిటైరయ్యాక గుర్‌గావ్ అవతల ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో, అనాటమీ విభాగంలో అటెండరుగా చేరాడు. భార్య కస్తూరి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా. క్వార్టరు ఆవిడ పేరు మీదే ఉంది. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తదు. ఆయనే అప్పుడప్పుడు ‘మీ ఇంట్లో కాస్త టీ దొరుకుతుందా మేడం’ అని అడిగి తిట్లు తింటుంటాడు.

ఆ కాలేజీ మ్యూజియంలో ఒక పాత ప్లైవుడ్ మనిషి ఉన్నాడు. మనిషంత ఎత్తు, వీపు మనవైపు. తల దగ్గర మెదడు, నడుమ వెన్నుపాము రంగులతో గీసి ఉంటాయి. చేతులకూ కాళ్లకూ బొత్తాలు, మెదడులో బుల్లి బల్బులు. ఎడమ కాలి బొత్తాం నొక్కితే కుడి మెదడులో బల్బు వెలగాలి. వెన్నుపాములో అక్కడక్కడా పిన్నులు ఉంటాయి. పిన్ను లాగితే అక్కడ నరం తెగినట్టు. అప్పుడు ఏ బల్బు ఆరిందో చూసి పిల్లలు పాఠం నేర్చుకుంటారు. బోర్డు మీద సన్నటి గొట్టాలు కూడా ఉన్నాయి. చేపల తొట్టిలో వాడే మోటారు పెట్టి వాటిలో ఎర్రనీళ్లు తిప్పితే, రక్తం మెదడుకు ఎలా వెళుతుందో కనిపిస్తుంది.

వేసవి సెలవుల్లో ఎలుకలు ఈ ప్లైవుడ్ మనిషి వీపులో కాపురం పెట్టి, నరాలన్నీ కొరికేశాయి. విభాగాధిపతి డాక్టర్ ఇంద్రాణి లక్ష్మీపతిని పిలిచి, జనవరిలో సప్లిమెంటరీ పిల్లలకు వైవా ఉందనీ, బయటి పరీక్షకుడు వస్తాడనీ, మోడలును పరీక్ష గదిలోనే పెడతామనీ, ఈలోగా బాగుచేయగలరా అని అడిగింది. ఆవిడ తెలుగావిడే, పుట్టింది పెరిగింది ఢిల్లీ. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఆయన తెలుగులో ‘అదెంత పని మేడం’ అన్నాడు. ఆవిడ హిందీలో ‘జల్దీ మత్ కీజియే, ఠీక్ సే కీజియే’ అని, తొందరపడకుండా సరిగ్గా చేయమని చెప్పి, ఏదో సదస్సుకు పది రోజులు ఊరెళ్లింది.

ఆయన ఆ పది రోజులూ పొద్దున్నే వెళ్లి, ప్లైవుడ్ మనిషి వీపు విప్పి, పాత తీగలు ఒక్కొక్కటీ పీకి, ఎక్కడ నుంచి ఎక్కడికో రాసుకుని, కొత్తవి వేశాడు. నీలం తీగ హుకుం తీగ: మెదడు నుంచి కండరానికి దిగుతుంది. అది మెడ పై చివర, వెన్నుపాము మెదడులో కలిసేచోట, రెండో పక్కకు మారుతుంది. పచ్చ తీగ స్పర్శది: ఏది తగిలిందో, కాలు ఎక్కడుందో చెప్పడానికి కింద నుంచి ఎక్కుతుంది. అదీ తన పక్కనే పైదాకా వచ్చి, దాదాపు అక్కడే పక్క మారుతుంది. అంతవరకూ లక్ష్మీపతికి సంతోషంగానే ఉంది. మార్చేది పెట్టె దగ్గరే, మూత తీస్తే కనబడుతుంది, శభాష్ అనుకున్నాడు.

మూడోది నారింజ తీగ, నొప్పిదీ వేడిదీ. దాన్ని చూసి ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది. అది వెన్నుపాములోకి అడుగు పెట్టీ పెట్టగానే, కాస్త పైకి ఎక్కేలోపే, రెండో పక్కకు దూకేసి, అక్కడి నుంచి పైకి పోతోంది. ఒక్కచోట కాదు. కాలి దగ్గర, నడుము దగ్గర, ఛాతీ దగ్గర, చేతుల దగ్గర, ప్రతి అంతస్తులోనూ అదే గోల. ఇది పాత ఎలక్ట్రీషియను తాగి చేసిన పనే అని ఆయన నిశ్చయించుకున్నాడు. పుస్తకం తెరిచి చూద్దామన్న ఆలోచన రాలేదు. లైన్‌మన్‌కు పుస్తకం ఎందుకు, లైను కళ్లముందే ఉండగా?

నారింజ తీగలన్నింటినీ వాటి వాటి పక్కనే తిన్నగా పైకి లాక్కెళ్లి, మెడ మీద మిగతావాటితో పాటు ఒకే చోట పక్క మార్చాడు. వీపు వెనక అంతా కాన్వెంటు పిల్ల దువ్విన జడలా నున్నగా తయారైంది. తర్వాత అలవాటు కొద్దీ, సైన్యంలో రాసినట్టే, రిపోర్టు రాసి మేడం బల్ల మీద పెట్టాడు. ‘ఫాల్టు: నొప్పి లైను ప్రతి అంతస్తులో నడిదారిన క్రాసు. కారణం: మొదట ఈ లైన్లు వేసినవాడి అజాగ్రత్త. చర్య: క్రాసింగులన్నీ ఒకే పెట్టెలోకి మార్చడమైనది.’

రక్తం గొట్టాల జోలికి మాత్రం పోలేదు. వాటిని చూసి ఆయన టోపీ తీశాడనే చెప్పాలి. మెడలో ముందు రెండు గొట్టాలు, వెనక రెండు. నాలుగూ మెదడు అడుగున ఒక చిన్న గుండ్రటి రింగులో కలుస్తాయి. ఒకటి మూసుకుపోతే మిగిలినవాటి నీళ్లు రింగు చుట్టూ తిరిగొస్తాయి. వెన్నుపాముకైతే ముందు ఒక గొట్టం, వెనక రెండు సన్నవి. ఒక దారి తెగితే రెండో దారి ఉండాలన్నది సిగ్నల్సులో మొదటి రోజు నేర్పే పాఠం. ఈ గొట్టాలు వేసినవాడికి పని తెలుసు, తీగలు వేసినవాడికే తెలీదు అనుకున్నాడు. ఇద్దరూ ఒకడేనని అప్పటికి తట్టలేదు.

శనివారం సాయంత్రం భానుశ్రీ వచ్చింది. ధౌలా కువాన్ పక్కన కంటోన్మెంటులో ఉండే సుబేదారుగారి అమ్మాయి, మొదటి సంవత్సరం. మొదటిసారి వైవాలో సరిగ్గా ఈ నరాల దారుల దగ్గరే పొరబడి తప్పింది. సోమవారం వైవాలో గనక మళ్లీ తప్పితే తన బ్యాచి ముందుకు పోతుంది, తను వెనక ఉండిపోతుంది. వాళ్ల నాన్నకు మార్చిలో వేరే ఊరికి పోస్టింగు. ఇంట్లో ఆ పిల్ల కోసం అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. అదే ఆ పిల్లకు మరీ భయంగా ఉంది.

“అంకుల్, ఎన్నిసార్లు చదివినా తెల్లారేసరికి సబ్ గాయబ్,” అంది. “ఏది ఎక్కడ మారుతుందో అంతా ఖిచిడీ అవుతోంది.”

లక్ష్మీపతి ఆ పిల్లను మోడలు ముందు కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, చూపుడు వేలు పట్టుకుని తీగ మీద నడిపించాడు. నీలం పైనుంచి కిందికి. పచ్చ కిందనుంచి పైకి. నారింజ, అదీ పచ్చ పక్కనే, తిన్నగా పైకి. చీకట్లో లైను వెతికేటప్పుడు కుర్ర సిపాయిలకు ఆయన నేర్పే పద్ధతి అది. కన్ను మరిచినా వేలు మరవదు. గంటలో ఆ పిల్ల వేలికి అంతా వచ్చేసింది. పిన్నులు లాగి ఏ బల్బు ఆరుతుందో కూడా చూసుకుంది.

“నొప్పిది పుస్తకంలో ఇంకోలా ఉన్నట్టు గుర్తు అంకుల్.”

“పుస్తకం రాసినోడు లైన్‌మన్ కాడమ్మా,” అన్నాడు లక్ష్మీపతి.

ఆ పిల్ల హాయిగా నవ్వి, ఇంత సులువని ఎవరూ చెప్పలేదే అంటూ వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆయనకు కమ్మగా నిద్ర పట్టింది. ఆ నిద్ర విలువ మర్నాడు తెలిసొచ్చింది.

ఢిల్లీలో జనవరి ఆదివారం ఎండ వచ్చిందంటే క్వార్టర్సు జనమంతా పచ్చికలో ఉంటారు. కస్తూరి ఉన్ని బుట్ట పెట్టుకుని స్వెట్టరు అల్లుతోంది. పక్కన వేరుశనగల పొట్లం. ఎప్పటిలాగే పార్థసారథి వచ్చాడు. ఆయనదీ అదే రెజిమెంటు, ఊరు మదనపల్లె వైపు. ఇరవై ఏళ్ల కింద సరిహద్దులో షెల్లు ముక్క ఒకటి వీపులో దిగి, వెన్నుపామును కుడి పక్కన కోసింది. బతికాడు గాని కుడి కాలు సగం పనిచేస్తుంది. ఎడమ చేయి నడుం మీద పెట్టి, కుడి కాలును కొడవలిలా బయటికి తిప్పి వేస్తూ నడుస్తాడు. ఆ నడకను అనుకరించని పిల్లవాడు కంటోన్మెంటులో లేడు. చిన్నప్పుడు భానుశ్రీ కూడా అనుకరించి తల్లి చేత మొట్టికాయ తింది.

చలికి కాళ్లు లాగుతున్నాయంటే కస్తూరి ఉప్పు వేసిన వేణ్ణీళ్లు టబ్బుతో తెచ్చి పెట్టింది. పార్థసారథి ముందు కుడి కాలు ముంచి, చురుక్కుమని లాక్కుని, చల్లనీళ్లు కలపమన్నాడు. ఎడమ కాలు ముందెందుకు పెట్టవన్నయ్యా అని ఆవిడ నవ్వుతూ అడిగింది. ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్నే. జవాబు కూడా పాతదే.

“నా కుడికాలు సోంబేరి, ఎడమకాలు సన్యాసి అమ్మా. సోంబేరోడు పని చెయ్యడు, సన్యాసికి ఏమీ తగల్దు. ఆ పొద్దు చలిమంట కాడ సన్యాసి బూటు కాలి పొగొస్తా ఉంటే అందురూ నన్ను సూసి అరిస్తిరి, నాకు మాత్రం తెలిస్తే కదా.”

అందరూ నవ్వారు. లక్ష్మీపతి నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు.

ఇరవై ఏళ్లుగా ఆ మాట వింటున్నాడు. కానీ పది రోజులుగా ఒకరి వెన్నుపాములో చేతులు పెట్టి పనిచేసి విన్నది ఇదే మొదటిసారి.

“సారథీ, ముక్క తగిలింది కుడిపక్కనే కదా?”

“ఇరవై ఏండ్ల నుంచి సూస్తానే ఉండావు కదప్పా.”

“వేడి తెలీనిది ఎడమకాలికే కదా? మరి కుడికాలికి?”

“కళ్లు మూసుకుంటే అది యాడుందో తెల్దు. వేడి మాత్రం బాగా తెలుస్తుంది. ఇప్పుడే కదా కాలిండేది.”

లక్ష్మీపతి లేచి, కస్తూరి బుట్టలోంచి మూడు రంగుల ఉన్ని తీశాడు. కాళ్లు టబ్బులో ఉన్న మనిషి మోకాళ్ల నుంచి వీపు మీదుగా మెడ దాకా ఉన్ని పోగులు పరిచి, అక్కడక్కడా పిన్నులు గుచ్చసాగాడు. ఒక నారింజ పోగు కుదరక, సగం అల్లిన స్వెట్టరు కొస పట్టుకుని లాగాడు.

“ఏటండీ ఇది? వారం రోజుల పని,” అంది కస్తూరి.

“కదలకు,” అన్నాడాయన, భార్యతోనో స్నేహితుడితోనో తెలియకుండా. “ఫాల్టు దొరికిపోతంది.”

బాల్కనీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. ఆయనకు పట్టలేదు. ఫాల్టు వెతకడమంటే ఆయనకు తెలిసింది ఒక్కటే: ఎక్కడ తెగిందో తెలుసు, ఏది మూగబోయిందో తెలుసు, ఇక లైను ఏ దారిన పోయిందో దానంతట అదే బయటపడాలి. తను వేసిన దారిలో కుడి కాలి తీగలన్నీ కుడి పక్కనే పైదాకా పోతాయి. అలాగైతే కుడి పక్క కోత పడినప్పుడు కుడి కాలే కుంటిదీ కావాలి, వేడి తెలియనిదీ కావాలి. ఎడమ కాలికి ఏమీ కాకూడదు. కానీ ఎదురుగా ఉన్న కుడి కాలు వేణ్ణీళ్లకు చురుక్కుమంది. ఎడమ కాలు సన్యాసిలా కూర్చుంది. అంటే ఎడమ కాలి వేడి లైను కోత పడిన చోటికి వచ్చేసరికే కుడి పక్కన ఉంది. ఎప్పుడు మారింది? కిందే. వెన్నుపాములో అడుగు పెట్టీ పెట్టగానే.

పాత ఎలక్ట్రీషియను తాగలేదు. ప్రతి అంతస్తులోనూ సరిగ్గానే వేశాడు. తప్పు వేసింది ఇరవై నాలుగేళ్ల ఖాళీ కాగితం ఉన్న లక్ష్మీపతి.

మోడలు సరే, విప్పి మళ్లీ వేయవచ్చు. కానీ ఆ పిల్ల వేలు? దాన్నెలా విప్పుతాడు? మరవకుండా ఉండేలా తనే నేర్పాడు కదా.

భానుశ్రీ ఫోను పరీక్ష అయ్యేదాకా బీరువాలో ఉంది, పిల్లేమో హాస్టల్లో స్నేహితురాలి గదికి చదువుకోవడానికి వెళ్లింది, రాత్రికి గాని రాదు. ఈ సంగతులు పార్థసారథి ఆ పిల్ల ఇంటికి ఫోను చేస్తే తెలిశాయి. ఎత్తింది తల్లి సుభాషిణి. ఆమెకు ఆయన ఓపిగ్గా, రెండుసార్లు, నొప్పి లైను కిందే పక్క మారుతుందనీ, లక్ష్మీపతి చెప్పింది తప్పనీ, అమ్మాయికి తప్పక చెప్పమనీ అప్పజెప్పాడు. ఆవిడ ‘ఠీక్ హై అన్నయ్యా, చెప్తాను’ అంది. లక్ష్మీపతి ఊపిరి పీల్చుకున్నాడు.

సోమవారం పొద్దున, స్క్రూడ్రైవర్లు చూసి మెట్రోలో ఆపుతారని, ఆటో కట్టించుకున్నాడు. ధౌలా కువాన్ దగ్గర పొగమంచులో దారి దొరక్క ఆటో తడబడింది. కుడికి పోవలసిన బళ్లు ఎడమకు తిరిగి, వంతెన చుట్టూ చక్కర్ కొట్టి కుడికి పోతున్నాయి. కొన్ని అంతదాకా రాకుండా కిందే, డివైడరు మధ్య వదిలిన మొదటి కట్ దగ్గర అవతలి పక్కకు మారిపోతున్నాయి. ఎన్నేళ్లుగానో ఆ దారిన వెళుతూ, ఈ రోడ్డు వేసినవాడికి బుద్ధి లేదని రోజూ తిట్టుకునేవాడు. ఆ పొద్దున నోరెత్తలేదు.

పదింటికి పరీక్ష. తొమ్మిదీ యాభైకి చివరి నారింజ తీగ పడింది. వీపు మూత బిగిస్తుంటే బయటి పరీక్షకుడు వచ్చేశాడు. చండీగఢ్ వైపు మనిషి, భారీ విగ్రహం, చలికి మఫ్లరు చెవులదాకా. ఆయన కుర్చీ పక్కన రాడ్ హీటరు ఎర్రగా కాలుతోంది. పక్క కుర్చీలో డాక్టర్ ఇంద్రాణి. రిపోర్టు ఆవిడ చదివిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. లక్ష్మీపతిని మోటారు దగ్గర నిలబడమన్నారు.

మొదటి కుర్రవాడిని రక్తం గురించి అడిగారు. మెడలో ఒక గొట్టం మూసుకుపోతే మెదడు బతికేదెలా అని. వాడు రింగు అన్నాడు. లక్ష్మీపతి మెడ దగ్గర ఒక గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టాడు. ఎర్రనీళ్లు కాసేపు తటపటాయించి, రింగు చుట్టూ తిరిగి అవతలి పక్క నుంచి వచ్చాయి. పరీక్షకుడు బల్ల మీద చిన్నగా చరిచాడు.

రెండో పిలుపు భానుశ్రీది. పరీక్షకుడు ఛాతీ దగ్గర కుడి పక్కనున్న పిన్నును చూపించి, ఇక్కడ వెన్నుపాము సగం తెగింది, ఏమేమి పోతాయో చెప్పమన్నాడు. ఆ పిల్ల కుడి కాలు కదలదంది. సరే. కుడి కాలికి స్పర్శ, కాలు ఎక్కడుందో తెలియడం పోతాయంది. సరే. మరి నొప్పీ వేడీ?

భానుశ్రీ కళ్లు మూసుకుంది. చూపుడు వేలు ఒళ్లో సన్నగా కదిలింది. మోటారు పక్క నుంచి లక్ష్మీపతికి అది కనిపించింది. వేలు తిన్నగా, ఒకే పక్కన, పైకి పోతోంది. నారింజ తీగ మీద శనివారం నాడు తను నడిపించినట్టే పోతోంది.

తల్లి చెప్పలేదు. ఆవిడ చెప్పలేదన్నది ఆ వేలు చెబుతోంది.

అప్పుడే క్యాంటీను మనిషి టీ ట్రేతో తలుపు దగ్గరికి వచ్చాడు. లక్ష్మీపతి వెళ్లి ఆ ట్రే అందుకున్నాడు. తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ ఒకేలా చెప్పరు. ఎక్కువమంది ఒప్పుకునేది ఇది: వెళ్లేటప్పుడు మామూలుగా వెళ్లిన మనిషి వచ్చేటప్పుడు ఎడమ చేయి నడుం మీద పెట్టి, ట్రే ఒంటి చేత్తో పట్టి, కుడి కాలు కొడవలిలా బయటికి తిప్పుతూ, నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడు. గ్లాసులు గలగలమన్నాయి. భానుశ్రీ కళ్లు తెరిచింది.

పరీక్షకుడు జాలిపడి, ఈయనకు కుర్చీ వేయించండి అన్నాడు. లక్ష్మీపతి నడక ఎలాంటిదో రోజూ చూసే ఇంద్రాణి పైకప్పు వైపు చూస్తూ, “రహ్నే దీజియే సర్, ఇన్‌కీ ఆదత్ హై” అంది, ఆయనకది అలవాటే, వదిలేయండన్నట్టు.

లక్ష్మీపతి ట్రే బల్ల మీద పెట్టాడు. పెట్టి, కదలకుండా నిలబడ్డాడు. ఎడమ బూటు హీటరు రాడ్డుకు ఆనించి నిలబడ్డాడు. ముఖంలో ఏ భావమూ లేదు, అచ్చం సన్యాసి. భానుశ్రీ ఆ కుడి కాలును చూసింది, ఎడమ బూటును చూసింది. రబ్బరు కాలిన వాసన గది నిండా పాకింది. చిన్నప్పుడు చలిమంట దగ్గర ఒకసారి పీల్చిన వాసనే.

“అరే భయ్యా, ఆప్‌కా జూతా,” అన్నాడు పరీక్షకుడు బూటు వైపు చూపిస్తూ.

“ఎడమ కాలు సర్,” అంది భానుశ్రీ. “నొప్పీ వేడీ పోయేది ఎడమ కాలికి.”

ఎందుకో చెప్పమన్నాడు. ఆ పిల్ల లేచి మోడలు దగ్గరికి వెళ్లి, ఎడమ కాలి వేడి బొత్తాం నొక్కింది. కుడి మెదడులో బల్బు వెలిగింది. ఛాతీ దగ్గర కుడి పిన్ను లాగింది. బల్బు ఆరిపోయింది. శనివారం అలా ఆరలేదు. ఒక్క క్షణం ఆగి, వేలితో కింది నుంచి మళ్లీ దారి వెతికింది. ఈసారి కళ్లు తెరిచే. ఈ లైను వెన్నుపాములోకి రాగానే పక్క మారుతుంది గనక కోత దాకా వచ్చేసరికే అవతలి పక్కన ఉంటుందనీ, స్పర్శ లైను మారేది పైన గనక అది తన పక్కనే తెగుతుందనీ, తడబడకుండా చెప్పింది. పరీక్షకుడు ఇంకో రెండు ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగాడు. రెండింటికీ ఆ పిల్ల వేలు దారి చూపింది.

ఆ మధ్యాహ్నమే తెలిసింది సంగతి. మెట్ల దగ్గర భానుశ్రీ ఆయన్ని పట్టుకుంది.

“అమ్మ ఏం చెప్పిందో తెలుసా అంకుల్? లక్ష్మీపతి అంకుల్ ఆల్ ది బెస్ట్ చెప్పారు అంది. బస్, అంతే.”

పరీక్ష ముందు పిల్లకు తప్పు, నొప్పి లాంటి మాటలు చెప్పకూడదని ఆ తల్లి ఉద్దేశం. ఆల్ ది బెస్టే శుభమని మిగతాదంతా కత్తిరించింది. లైను మధ్యలో ఇలాంటి కోత పడితే ఏ లైన్‌మన్ మాత్రం కనిపెట్టగలడు?

సాయంత్రం ఇంద్రాణి ఆయన్ని గదికి పిలిచింది. బల్ల మీద ఫాల్టు రిపోర్టు ఉంది. ‘మొదట ఈ లైన్లు వేసినవాడు’ అంటే ఎవరని హిందీలో అడిగింది. ఆయన పైకి చూశాడు. ఈసారి పైవాడిని సరిదిద్దే ముందు ఒకసారి తనను అడగమని చెప్పి, ఆవిడ ఆ కాగితం అడుగున పెన్నుతో రాసింది: ‘ఫాల్టు లేదు. లైను డిజైను ప్రకారమే ఉంది.’ సంతకం చేసి ఆయనకిచ్చింది. ఆయన అక్కడే నిలబడి దాని కింద ఇంకో వాక్యం రాశాడు: ‘చర్య: లైన్‌మన్‌ను సరిచేయడమైనది.’ హవల్దారు లక్ష్మీపతి అని సంతకం పెట్టి, ఒక కాపీ ఫైల్లో పెట్టించి, రెండోది మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్ల ఖాళీ కాగితం పక్కన ఇప్పుడు అది కూడా ట్రంకు పెట్టెలో ఉంది. రెంటిలో దేన్ని ఎక్కువసార్లు తీసి చూసుకుంటాడో కస్తూరికి తెలుసు. చెప్పదు.

భానుశ్రీ తన బ్యాచితోనే పై క్లాసుకు వెళ్లింది. సుభాషిణి పూతరేకులు తెప్పించి పంపింది, తన ఆల్ ది బెస్టే పనిచేసిందని ఆవిడ గట్టి నమ్మకం. కస్తూరి స్వెట్టరు మళ్లీ మొదటి నుంచి అల్లింది. ఉన్ని చాలక ఒక చేతికి నారింజ, ఒక చేతికి పచ్చ పడ్డాయి. లక్ష్మీపతి దాన్నే తొడుక్కుని ఆదివారాలు ఎండలో కూర్చుంటాడు. పక్కన టబ్బులో పార్థసారథి ముందు కుడి కాలే ముంచుతాడు.

క్వార్టర్సులో ఈ కథ ఇప్పుడు ఎంతదాకా పోయిందంటే, ఆ రోజు బూటు భగ్గున మండి అగ్నిమాపక బండి వచ్చిందంటున్నారు. నిజమేనా అని ఎవరైనా ఆయన్నే అడిగితే, వేరుశనగ పొట్టు ఊదుకుంటూ, ఎంతో శాంతంగా ఒకటే చెబుతాడు.

“ఏ మోడలు? ఏ పరీక్ష? నాను ఆవేళ లీవులో ఉన్నాను. బూటంటారా, కుక్క కొరికేసింది. ఈ సారథి కుంటడం నానెప్పుడూ సూడనేదు. బ్రహ్మకి నాను కాగితం రాయడవేటి బావూ, ఆయన అడ్రసే నాకు తెలీదు.”